నాలుగు కెమెరాల సీసీటీవీ సెట్టు: దొంగను పట్టుకోవడానికి ఎంత పనికొస్తుంది?

నెల్లూరు చిన్నబజారులోనైనా, ఒంగోలు ట్రంకు రోడ్డులోనైనా చిన్న దుకాణాలకు సాధారణంగా బిగించేది ఒకే రకం సెట్టు: 2 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు, వాటి వీడియోను రికార్డు చేసే పెట్టె (డీవీఆర్) ఒకటి, అందులో 1 టీబీ హార్డ్ డిస్కు. దొంగతనాన్ని ఆపుతుందా అన్నది పక్కన పెడదాం. జరిగాక కేసు తేలడానికి ఎంత పనికొస్తుందన్నదే ఇక్కడ కొలత. ఆ లెక్కన, బిగించినవాళ్లు వదిలి వెళ్లినట్టే ఉంచితే 5కి 2. కాస్త సరిచేసుకుంటే 4.

ముందు ముఖం సంగతి. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే ఆ మనిషి నిలబడ్డచోట మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. 2 మెగాపిక్సెల్ చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు. అంటే ఏడున్నర మీటర్ల వెడల్పు దాటితే ముఖం పోయినట్టే. సెట్టుతో వచ్చే, వెడల్పుగా చూపే 2.8 ఎంఎం లెన్సుకు ఆ హద్దు సుమారు 3 మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. షాపంతా కనిపిస్తోందని మురిసిపోతాం గానీ, అవతలి మూల ఉన్నవాడు ఎవరో ఒక మనిషి, అంతే. ఒక్క కెమెరాకైనా తక్కువ వెడల్పునే దగ్గరగా చూపే 6 ఎంఎం లెన్సు అడిగి తీసుకుని, లోపలే, గుమ్మానికి ఎదురుగా ఆరేడు అడుగుల ఎత్తులో పెట్టించండి. ఏడు మీటర్ల దాకా ముఖం నిలుస్తుంది. పదడుగుల పైన బిగిస్తే దొరికేది టోపీయే. గుమ్మం వైపు చూసే కెమెరాకు డబ్ల్యూడీఆర్ (ఎండనూ నీడనూ సరితూచే సెట్టింగు) ఆన్ చేయకపోతే బయటి ఎండకు ముఖం నల్లగా పడుతుంది.

రాత్రి ఇంకో చిక్కు. చీకట్లో కెమెరా వాడే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో కొన్ని నల్లటి సింథటిక్ బట్టలు తెల్లగా కనిపిస్తాయి. తెల్లచొక్కావాడి కోసం ఊరంతా వెతకడం అక్కడే మొదలవుతుంది. తెల్ల ఎల్‌ఈడీ కూడా ఉండే కెమెరా అయితే రంగు నిలుస్తుంది. పగలు బాగానే ఉండి చీకటి పడగానే ఆగి ఆగి వచ్చే కెమెరా చెడిపోయిందని మార్చేస్తుంటారు. చాలాసార్లు తప్పు దానిది కాదు: పొడుగు కేబుల్‌లో వోల్టేజీ పడిపోయి, ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగేసరికి కరెంటు చాలదు. మైపాడు, కోడూరు వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి. బయటి కెమెరాల అతుకులన్నీ మూతబిగువు పెట్టెల్లో ఉండాలి. సాలీడు గూడు సరేసరి, వారానికోసారి దులపాల్సిందే.

ఇప్పుడు అసలు బలహీనత, డిస్కు. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్ల) వేగంతో రోజుకు 21.6 జీబీ రాస్తుంది. నాలుగూ కలిపి 86 జీబీ పైనే. 1 టీబీ పదకొండు రోజుల్లో నిండి, పాతది చెరిగిపోతుంది. గొలుసు పోయిందని రెండు వారాలకు స్టాకు లెక్కలో తేలితే చూడటానికేమీ మిగలదు. నెల రోజులు ఉండాలంటే 2.6 టీబీ కావాలి కాబట్టి 4 టీబీ తీసుకోండి. డీవీఆర్ గల్లాపెట్టె పక్కన వద్దు, డబ్బుతో పాటు దాన్నీ ఎత్తుకుపోతారు. గాలి ఆడే తాళం అలమరలో, వేరే గదిలో ఉంచాలి.

ముఖం పడకపోయినా కెమెరా ఇచ్చే గొప్ప ఆధారం ఒకటుంది, సమయం. మిగతా పద్ధతులన్నీ దాని మీదే నడుస్తాయి. పోలీసులు సెల్ టవరు డంపు, అంటే ఆ టవరుకు తగిలిన ఫోన్ల జాబితా, తీస్తే ఆ రాత్రి ఆ పరిధిలో ఉన్న నంబర్లన్నీ వస్తాయి, బజారు మధ్యలో అయితే వేలల్లో. రెండుంబావు నుంచి రెండున్నర మధ్య అని తెలిస్తే జల్లెడ సన్నబడుతుంది. పోలీసు కుక్క వాసన పట్టుకుంటూ వెళ్లి, దొంగ బండెక్కినచోట ఆగిపోతుంది. అక్కడినుంచి పక్క షాపుల కెమెరాలే దారి. కారు హైవే ఎక్కితే వెంకటాచలం, ముసునూరు, తంగుటూరు టోళ్ల దగ్గర ఆ వేళకు ఫాస్టాగ్ రికార్డు చూడొచ్చు. బైకుకు టోల్ లేదు కాబట్టి ఆ రికార్డూ లేదు. వేలిముద్రల విషయంలో, దొంగ దేన్ని ముట్టుకున్నాడో వీడియోలో కనిపిస్తే క్లూస్ టీమ్ సరిగ్గా అక్కడే పౌడరు చల్లుతుంది. 2022లో వచ్చిన నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థతో ఆ ముద్రను దేశవ్యాప్త రికార్డులతో పోల్చవచ్చు, వాడి ముద్ర అందులో ముందే ఉంటేనే సుమా.

అందుకే డీవీఆర్ గడియారం ఇరవై నిమిషాలు తప్పితే అన్నీ తప్పుతాయి. నెట్ ఉంటే ఎన్‌టీపీ (గడియారాన్ని నెట్ ద్వారా దానంతటదే సరిచేసే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే నెలకోసారి ఫోనుతో సరిచూడండి. దొంగతనం జరిగాక మాత్రం గడియారాన్ని సరిచేయవద్దు. తెర మీది టైము, పక్కన ఫోను టైము ఒకే ఫొటోలో తీసి తేడా రాసిపెట్టండి.

చివరికి చెడేది కాపీ దగ్గర. తెరను ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే ఉన్న కాసిన్ని పిక్సెళ్లూ పోతాయి. డీవీఆర్ బ్యాకప్ మెనూ నుంచి అసలు ఫార్మాట్‌లోనే పెన్‌డ్రైవ్‌కు తీయాలి, దాన్ని ఆడించే ప్లేయరుతో సహా. కోర్టులో ఆ కాపీ నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి దానికి రెండు భాగాలు: ఒకటి పరికరం చూసుకునేవారిది, రెండోది నిపుణుడిది. అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే దాని వేలిముద్రలాంటి కోడు, రాయాలి. తర్వాత క్లిప్పును కాస్త కత్తిరించినా, వీడియో మీద పేరు రాసి మళ్లీ సేవ్ చేసినా హాష్ కలవదు. బిగించే మనిషికి డబ్బులిచ్చేముందు, ఐదు నిమిషాల క్లిప్పు బ్యాకప్ తీసి చూపించమనండి.