మెకింతోష్ ఎంసీ275: కడప ఎండల్లో శానా కాలం వాడినాక

కొన్న కొత్తలో రాసే రివ్యూలు యాడ చూసినా ఉంటాయి, పెట్టిన డబ్బు సంబరమంతా వాటిల్లోనే కనిపిస్తాది. ఎంసీ275 అంటే మెకింతోష్ కంపెనీ ట్యూబ్ యాంప్, ట్రాన్సిస్టర్లకు బదులు గాజు ట్యూబులతో స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. దాని ఆరో వెర్షన్ నేను వాడబట్టి ఐదారేండ్లు దాటింది, కడపలో, నాపరాళ్లు పరిచిన మామూలు హాల్లో. ముందే చెప్పేస్తా, ఒక్కో స్పీకరుకు ఇది ఇచ్చే 75 వాట్ల కోసం కొనే పనైతే వద్దు, మొదటి ఒక్క వాట్ కోసం కొనండి.

అదెట్లంటే, నా స్పీకర్లు క్లిప్ష్ హెరెసీ, 12 అంగుళాల ఊఫర్, కంపెనీ చెప్పే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత సౌండ్ పుట్టిస్తాదనే లెక్క, 99 డెసిబెల్స్ (డీబీ). ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 99 డీబీ వస్తాదంట, అంత సౌండు పెడితే ఇంట్లో ఒకరి మాట ఒకరికి ఇనపడదు. రాత్రి అందరూ పండుకున్నాక నేను వినేదానికి వాట్‌లో పదో వంతు గూడా ఖర్చు కాదు. అదే 86 డీబీ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పెట్టినారనుకోండి, మూడు డీబీ తగ్గినప్పుడల్లా పవర్ డబుల్ కావాల కాబట్టి అదే సౌండుకు ఇరవై రెట్లు అయితాది, అప్పుడు 75 వాట్లు చాలీ చాలకుండా ఉంటాయి. అందుకే స్పీకర్లు ఏవో తేలకుండా యాంప్ జోలికి పోవద్దంటా.

ఆ పదో వంతు వాట్‌లోనే దీని పనితనం ఉండేది. తాళ్లపాక మా పక్కనే, అన్నమయ్య కీర్తన మోగని ఇల్లు మా వీధిలో లేదు, కాబట్టి నాకు పరీక్ష అంటే ఆ కీర్తనలు పాడిన నేదునూరి కృష్ణమూర్తి గొంతే. వాల్యూమ్ బాగా తగ్గించినా ఆయన గమకం చివర్న స్వరం యాడ వంగుతాందో తెలుస్తాది, తంబుర శ్రుతి గొంతులో కలిసిపోకుండా ఎనకాల విడిగా నిలబడతాది. ఇంతకు ముందున్న ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఇట్లా ఇనాలంటే వాల్యూమ్ పెంచాల్సొచ్చేది, పెంచితే మా అమ్మ లేచేది. పాత ఘంటసాల మోనో రికార్డింగులు గూడా ఇంతే, నోట్లో మాట పలికే తీరు ముందుకొస్తాది, అట్లని పాత టేపు బుస ఏమీ తగ్గదు, అదీ ఇనపడతాది.

ట్యూబ్ యాంప్ అంటే బెల్లం పాకం మాదిరి తియ్యగా, మెత్తగా ఉంటాదని అనుకునేవాళ్లే ఎక్కువ. ఇది అట్లా కాదప్పా. కంపెనీ పెట్టిన ఫ్రాంక్ మెకింతోష్, ఆయన కాడ పనిచేసిన గోర్డన్ గౌ కలిసి తయారు చేసిన, 1949లో పేటెంట్ వచ్చిన యూనిటీ కపుల్డ్ సర్క్యూట్ దీంట్లో ఉండేది. ట్యూబులకూ స్పీకరుకూ నడుమ ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో, ట్యూబు రెండు కొసలైన ప్లేట్ వైపు తీగ చుట్ట, కాథోడ్ వైపు తీగ చుట్ట రెండూ పక్కపక్కన కలిపి చుడతారు, దాంతో ట్యూబులకు తక్కువ కరెంటిచ్చి నడిపినా ఒక ట్యూబు నుంచి ఇంకో ట్యూబుకు సిగ్నల్ మారే చోట సౌండులో గరగర రాదు. 1961లో మొదటి ఎంసీ275 వచ్చినప్పటి నుంచీ ఆ వరస అదే. సౌండ్ శుభ్రంగా ఉంటాది, రంగు పులిమినట్టు ఉండదు. ట్యూబ్ మత్తు కావాల అనుకునేవాళ్లకు ఇది చప్పగా అనిపిస్తాది, వాళ్లు 300బీ అనే ట్యూబు ఒక్కటే ఒక్కో స్పీకర్ని నడిపే సింగిల్ ఎండెడ్ యాంపులు ఇనుకోవచ్చు.

షేక్ చినమౌలానా నాదస్వరం పెడితే ఒళ్లు జల్లుమంటాది, పీపీ మాదిరి చెవిలో గుచ్చదు. డోలు కాడ మాత్రం ఒప్పుకోవాల్సిందే, ఎడమ చేతి దెబ్బ గట్టిగా పడి టక్కున ఆగడంలో మంచి ట్రాన్సిస్టర్ యాంపే మేలు. నాకది పెద్ద లోటు కాదు, సినిమా పాటల బీట్ కోసం వినే మా అల్లునికి అదే లోటు.

ఇంగ ఎండ సంగతి. దీంట్లో పెద్ద ట్యూబులు కేటీ88లు నాలుగు, ఒక్కోదాని లోపలి హీటర్‌కే 6.3 వోల్టులు, 1.6 ఆంపులు, అంటే పది వాట్లు, నాలుగింటికి నలభై, దాని మీద ప్లేట్ల వేడి వేరే. పాట లేకున్నా ఎప్పుడూ నిండా కరెంటు లాగే క్లాస్ ఏ యాంపుల కంటే ఇది నయమే గానీ, మే నెల మధ్యాన్నం ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు హాల్లో దీన్ని ఆన్ చేసేంత సంగీత పిచ్చి నాకు లేదు. ఎండాకాలం తెల్లారుజామునే వింటా. కరెంటు గూడా నిలకడ ఉండదు, సాయంత్రం 200 వోల్టులకి దిగి అర్ధరాత్రి 250కి ఎక్కుతాది, అట్లయితే ట్యూబులు ఎక్కువ కాలం రావు, అందుకని సర్వో స్టెబిలైజర్ లేకుండా ప్లగ్ పెట్టేదే లేదు. కరెంటు పోతే యాంప్ స్విచ్ కట్టేసినాకనే ఇన్వర్టర్ ఆన్ చేస్తా, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్లు గుయ్యిమంటాయి.

ట్యూబులు మార్చి మార్చి ఇనే పిచ్చి అందరికీ వస్తాది, నాకూ వచ్చింది, పోయింది. పెద్ద ట్యూబులు మారిస్తే సౌండులో తేడా ఇసుమంత, పర్సుకు తేడా కొండంత. 2022లో రష్యా ట్యూబుల ఎగుమతులు ఆపేసిందని వార్త రాంగానే రేట్లు ఎగిరినాయి, స్పేర్ సెట్ ఒకటి బీరువాలో ఉండేది మేలు. చిన్న ట్యూబులు 12ఏఎక్స్7 కాడ మాత్రం చూసుకోవాల, ఒకసారి ఎడమ స్పీకర్లో చిటపట మొదలైతే రెండు ట్యూబులు అటూ ఇటూ మార్చినాను, చిటపట కుడికి పోయింది, దొరికిపోయింది. బయాస్, అంటే ట్యూబుకు పోయే కరెంటు, మనం సర్దే పని దీంట్లో లేదు. స్పీకర్ వైరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ ఖర్చు తట్టుకోలేము.

ట్యూబుల కింద వెలిగే ఆకుపచ్చ లైట్లు నాకు నచ్చవు, తిరనాళ్లలో సీరియల్ సెట్ గుర్తొస్తాది. మా పాప మటుకు దాని కోసమే ఆన్ చెయ్యమంటాది, అందుకే చెయ్యి కాలకుండా ట్యూబుల పైన ఉండే జాలీ కేజ్ తియ్యను.

డబ్బు పెట్టకుండానే పనికొచ్చినవి రెండు. ఒకటి యాంప్ కింద కడప బండ, అదుర్లు తగలకుండా పెట్టే ఫారిన్ ఐసొలేషన్ స్టాండ్ల రేటు చూసినాక మా ఊరి రాయి మీద ప్రేమ పెరిగింది. రెండోది నేల మీద దళసరి జంపఖానా, ఎదురు గోడకు పాత బొంత, నాపరాయి మీద సౌండ్ ఎగిరి పడేది దాంతో సగానికి సగం తగ్గింది, యాంప్ మార్చినప్పటి కంటే ఆ రోజు వచ్చిన తేడానే ఎక్కువ.

కొనేవాళ్లు అట్టపెట్టె పారెయ్యొద్దు. 30 కేజీల పైన బరువు, ట్రాన్స్‌ఫార్మర్లన్నీ ఒక పక్కనే ఉంటాయి, ఎత్తితే ఆ పక్కకే లాగుతాది, ఇద్దరు పట్టాల. రిపేరొస్తే మా ఊర్లో చూసేవాళ్లు లేరు, బెంగళూరుకో చెన్నైకో పోవాల, కార్లో ఎనక సీట్లో దానికి గూడా బెల్టు పెట్టి.