కోలారు గనుల పాత షేర్ పత్రాలు కొనేవారికి హెచ్చరిక: ఒకే నంబరుతో రెండు ‘అసలు’ పత్రాలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత నాణేలు, స్టాంపులతో పాటు గనుల కంపెనీల షేర్ సర్టిఫికెట్లు సేకరిస్తున్నవారు ఈ విషయం గమనించాలి. కోలారులో బంగారం తవ్విన మైసూర్ గోల్డ్ మైనింగ్ కంపెనీ వారి పందొమ్మిదో శతాబ్దపు అసలు పత్రమని చెప్పి, తిరుపతికి చెందిన ఒక విక్రేత నాకు 18,000 రూపాయలకు అమ్మింది రంగుల ప్రింటర్‌పై తీసిన నకలు. అదే నంబరు, అదే వాటాదారు పేరు, అదే మూలన అదే మరక ఉన్న మరో కాగితం చిత్తూరులోని ఒక మిత్రుడికి కూడా ఆయన దగ్గరి నుంచే చేరింది కాబట్టి, ఇది పొరపాటున జరిగిందని అనుకోవడానికి వీల్లేదు.

డబ్బు కట్టే ముందు వాట్సాప్‌లో పంపిన ఫొటోలలోనిది బహుశా అసలుదే. దాని ఎడమ అంచు కౌంటర్‌ఫాయిల్ (కంపెనీ దగ్గర ఉంచుకునే ముక్క) నుంచి వేరుచేసినట్లు వంకరగా ఉంది, సంతకాల సిరా వెనుక వైపుకు దిగి కనిపించింది. కొరియర్‌లో వచ్చిన కాగితానికి నాలుగు అంచులూ తిన్నగా ఉన్నాయి. మడత గీతలు కంటికి కనిపిస్తున్నాయే గాని వేలికి తగలడం లేదు. ఉబ్బెత్తుగా ఉండవలసిన కంపెనీ ముద్ర చదునైన బొమ్మగా ఉంది. భూతద్దంతో చూస్తే డైరెక్టర్ల సంతకాలు, సెక్రటరీ సంతకం అన్నీ రంగు చుక్కలుగా విడిపోయాయి. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద కాగితం నీలంగా మెరిసింది. అలా మెరిపించే రసాయనాలను కాగితం తయారీలో వాడటం ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం నుంచే పెరిగింది. అయితే మెరవనంత మాత్రాన అసలుదని నమ్మకూడదు, ఎందుకంటే పాత పుస్తకాల ఖాళీ పేజీలపై కూడా ముద్రించవచ్చు.

ఈ విక్రేత కాగితం కంటే ప్రమోటర్ల (కంపెనీలు పెట్టి వాటాలు అమ్మించేవారి) కథను ఎక్కువగా అమ్ముతాడు. పత్రం కుప్పం వైపు ఒక గని కార్మికుడి ఇంట్లో దొరికిందనీ, దానిపై ఉన్నది కంపెనీని స్థాపించిన ప్రమోటర్ స్వహస్తాల సంతకమనీ చెప్పాడు. కోలారు మనకు పక్కనే ఉండటం, మన జిల్లా నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడ పనికి వెళ్లి ఉండటం వల్ల ఆ మాట ఇట్టే నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఆ కంపెనీ 1880లో లండన్‌లో నమోదై, జాన్ టేలర్ అండ్ సన్స్ అనే గనుల నిర్వహణ సంస్థ చేతిలో నడిచింది. దాని వాటాలు పౌండ్లు, షిల్లింగుల లెక్కలోనివి, వాటాదారులలో అత్యధికులు బ్రిటన్‌లో ఉన్నవారు కాబట్టి, గని కార్మికుడి ఇంట్లో దొరికిందన్న మాటను అనుమానించాలి. మైసూరు ప్రభుత్వం నుంచి తొలుత తవ్వకాల అనుమతి సంపాదించిన లావెల్ పేరు చెప్పి ఏ సంతకాన్నయినా అంటగడితే, ఆయన ఆ పత్రంపై ఏ హోదాలో సంతకం చేశాడని తప్పక అడగండి.

ఇదే విక్రేత ఇప్పుడు విటాకర్ రైట్ సంతకం ఉన్న పత్రాలు కూడా వచ్చాయని ప్రచారం చేస్తున్నాడు. ఆస్ట్రేలియా గనుల షేర్లతో లండన్ మార్కెట్‌ను ఊపి, 1900 డిసెంబరులో తన లండన్ అండ్ గ్లోబ్ సంస్థ కూలిపోయాక, 1904 జనవరిలో శిక్ష పడిన రోజునే కోర్టు భవనంలో సైనైడ్ మింగి చనిపోయిన ప్రమోటర్ ఆయన. అంతటి కథ ఉన్న మనిషి సంతకానికి సేకరణకర్తల్లో గిరాకీ ఉండటం సహజం, అందుకే ఆ పేరుతో వచ్చేదాన్ని మరింత అనుమానించాలి.

“ఈ వాటాలకు నేటికీ ప్రభుత్వం డబ్బు ఇస్తుంది” అని కూడా కొందరికి ఆశ చూపుతున్నారట. కోలారు గనులను మైసూరు ప్రభుత్వం 1956లో స్వాధీనం చేసుకుంది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ కాగితానికి సేకరణ విలువే గాని వాటా విలువ లేదు.

డబ్బు తిరిగి ఇమ్మంటే, పాత ముద్ర అరిగిపోవడం మామూలేనని జవాబిచ్చి, తర్వాత విక్రేత ఫోన్ ఎత్తడం మానేశాడు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తన నివాస ప్రాంతంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నేను, నా మిత్రుడు అదే చేస్తున్నాం. సలహాకు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆన్‌లైన్ చెల్లింపు మోసమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయవచ్చు. ఈ విక్రేత దగ్గర మీరూ కొని ఉంటే, కొరియర్ కవరు, చెల్లింపు రశీదు, ముందుగా పంపిన ఫొటోలు పారేయకుండా పత్రం నంబరును మాకు తెలియజేయండి. మూడో నకలు కూడా బయటపడితే మా ఫిర్యాదుకు బలం పెరుగుతుంది.