ఒంగోలు సర్వే శిక్షణ: పాఠం బాగుంది, కార్డు బాగాలేదు

గృహహింస సర్వేలకి వెళ్లే మహిళలకి ఒంగోలులో ఒక సంస్థ ఇచ్చిన శిక్షణకి వెళ్లాను. ఐదుకి నాలుగు మార్కులిస్తా.

పాఠానికి ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నాటి సూచనలు. ఇంటికి ఒక్క మహిళనే అడగాలి. ఊళ్లో ఆడవాళ్ల ఆరోగ్య సర్వే అనే చెప్పాలి. అసలు సంగతి ఆమెకి ఒంటరిగా చెప్పి, ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. రెండేళ్లు దాటిన పిల్లలు కూడా దగ్గరుండకూడదు. మన ఇళ్లల్లో ఇదే పెద్ద తలనొప్పి!

అందుకే అభ్యాసం భలే నచ్చింది. చీమకుర్తి నుంచి వచ్చిన ఒకావిడ అత్త వేషం కట్టి, "ఏందమ్మాయ్, ఇంతసేపు ఏం రాస్తా ఉండావు?" అంటూ మధ్యలో వచ్చి కూర్చుంది. అప్పుడు అసలు సంగతి బయటపడకుండా మేం వెంటనే పేజీ తిప్పి, "పాపకి తట్టు టీకా వేయించారా?" అని గొంతు మారకుండా అడగాలి. సగం మందిమి తడబడ్డాం.

"మిమ్మల్ని హింసిస్తారా?" అంటే ఎవరూ అవుననరు. నెట్టారా, చెంపదెబ్బ కొట్టారా, జుట్టు పట్టి లాగారా అని విడివిడిగా అడగాలి. "ఎందుకు కొట్టాడు?" అని మాత్రం అడగకూడదు.

మార్కు తగ్గించింది సర్వేలో ఆడవాళ్లకి ఇచ్చే సహాయం కార్డుకి. అరచేయంత అట్ట, ఏడుస్తున్న ఆడమనిషి బొమ్మ, ఎర్రటి అక్షరాల్లో మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181. మొగుడి కంటపడితే ఆమె గతేంటి? ఆసుపత్రి, అంగన్‌వాడీ నంబర్ల మధ్య కలిపి, పర్సులో మడిచి పెట్టుకునేలా చిన్న చీటీ ఇస్తే చాలు. ఇలాంటివి రోజంతా విని వచ్చే మా టెన్షన్ గురించి కూడా చివర్లో హడావుడిగా ముగించారు.

భోజనం పర్లేదు.