సాఫ్ట్‌వేర్‌కి నాలుగు స్టార్లు, రిఫండ్‌కి రెండే

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది, పెళ్లి ఆల్బమ్‌ల కోసం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్ గురించి ఈ రివ్యూ. కంపెనీ పేరు రాయడం లేదు. పనిలో వంక పెట్టడానికేం లేదు, షీట్లు చకచకా అయిపోతాయి, తలంబ్రాల ఫొటోల్లో పసుపు రంగు కూడా తేడా రాదు.

గొడవంతా ప్లాన్ మార్చాకే. నెలనెలా 1,200, దాని మీద 18 శాతం జీఎస్టీతో 1,416 కట్టేవాళ్లం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా ఏడాది ప్లానే చవక పడుతుందని లెక్క వేసుకుని మార్చాం. ఆ తర్వాత పాత ప్లాన్ డబ్బులు కట్ అవుతాయని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది (ఆటో డెబిట్‌కి 24 గంటల ముందే చెప్పాలన్నది ఆర్‌బీఐ రూలు, 15,000 లోపైతే ఓటీపీ కూడా అడగరు). వెంటనే కంపెనీ చాట్‌లో అడిగితే "పాత ప్లాన్ క్లోజ్ అయింది, కట్ అవ్వవు" అన్నారు. మర్నాడే కట్ అయ్యాయి. "ఏటన్నా, మళ్లీ నొక్కేసినారేటి?" అని మా స్టూడియో కుర్రాడు ఒకటే గోల.

మళ్లీ చాట్‌కి వెళ్తే ఆ డబ్బు మీ అకౌంట్‌లో క్రెడిట్‌గా వేస్తాం, వచ్చే ఏడాది రెన్యువల్‌లో తగ్గుతుంది అంటారు! నా డబ్బు ఏడాదిపాటు వాళ్ల దగ్గర ఎందుకుండాలి? పాత చాట్ స్క్రీన్‌షాట్ పెట్టి, కార్డుకే వెనక్కి వేయమని పట్టుబడితే అప్పుడు దిగొచ్చారు. తీరా చూస్తే వచ్చింది 1,200. ట్యాక్స్ రిఫండ్ అవ్వదట. ఇది మాత్రం ఒప్పుకోకండి. బిల్లు రద్దయితే క్రెడిట్ నోట్ (ఆ బిల్లు మొత్తం తగ్గించినట్టు రాసిచ్చే కాగితం) ఇవ్వాలి, అందులో జీఎస్టీ కూడా వెనక్కి రావాలి. మా ఆడిటర్ గారు చెప్పిన ఆ ఒక్క ముక్కా మెయిల్‌లో రాశాక మిగతా 216 కిక్కురుమనకుండా వేసేశారు.

రిఫండ్ వేశామని వాళ్లు అంటే సరిపోదు, ఏఆర్‌ఎన్ అడగండి. కార్డుకి వేసిన రిఫండ్‌ని గుర్తుపట్టే 23 అంకెల నంబరు అది, చూపిస్తే డబ్బు ఎక్కడ ఆగిందో బ్యాంకు వాళ్లు వెతకగలరు. ప్లాన్ మార్చిన రోజే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి పాత మ్యాండేట్ (ఆటో డెబిట్‌కి మీరిచ్చిన అనుమతి) మీ చేత్తో మీరే రద్దు చేసుకోవడం ఇంకా మంచిది, కంపెనీ చేస్తుందిలే అని వదిలేయొద్దు. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, బతుకుతెరువు కోసం సొంతంగా షాపు నడుపుకునేవాళ్లని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. నాకైతే అంతవరకూ రాలేదు.

సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు. నేనూ ఏడాది అయ్యేదాకా వాడతా, కాకపోతే ఈసారి ఆటో రెన్యువల్ తీసేశా.