ఒరుగులు మాకు తెలుసనుకుని వెళ్లాం: ఒంగోలు ట్రైనింగ్ మీద నా మాట

మిగిలిపోయే కూరగాయలతో అమ్మకానికి సరుకు చేయడం మీద ఒంగోల్లో ఐదు రోజుల ట్రైనింగ్. దర్శి వైపు పల్లెల నుంచి డ్వాక్రా వాళ్లం ఇరవై మందికి పైనే వెళ్లాం. ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. పెట్టినవాళ్ల పేరు రాయను, మళ్లీ వాళ్ల దగ్గరికే పనిబడుతుంది.

మొదటిరోజు బోర్డు మీద డీహైడ్రేషన్ అని రాస్తే నా పక్కనున్న పిన్ని "ఒరుగులేగా, మా అత్త కాలం నుంచీ మిద్దె మీద పోస్తున్నాం" అని పైకే అనేసింది. అందరం నవ్వాం గానీ మూడోరోజుకి నోళ్లు మూతపడ్డాయి. గోరుచిక్కుళ్లు రెండు వాటాలు చేసి, ఒకటి పచ్చిగానే, రెండోది మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి వెంటనే చన్నీళ్లలో వేసి, డ్రయ్యర్లో పెట్టారు. సాయంత్రం తీసి చూస్తే మొదటివి ఎండుగడ్డిలా ఉన్నాయి, రెండోవి పచ్చగానే ఉన్నాయి. కాయలోని ఎంజైములే రంగు చెడగొడతాయంట, వేడినీళ్లకి అవి చచ్చిపోతాయంట. మా ఇంట్లో వంకాయ ఒరుగులు ఎందుకు నల్లబడేవో ఇన్నేళ్లకు తెలిసింది.

లెక్కల క్లాసు ఇంకా నచ్చింది. టమాటాలో 94 శాతం దాకా నీళ్లే, పది కిలోలు ఎండబెడితే చేతికొచ్చేది ఆరేడు వందల గ్రాములు. అంటే కాయలు కిలో 5 రూపాయలకే దొరికినా, కిలో పొడికి కాయల ఖర్చే 75, 80 పడుతుంది, కోసే కూలి, కరెంటు, కవరు ఇంకా కలపనేలేదు. "ఎట్టాగూ పారబోసేవేగా అని ఊరికే వచ్చినట్టు రేటు కట్టొద్దమ్మా" అని క్లాసు చెప్పే మేడమ్ గట్టిగానే చెప్పింది.

ఇక లోటు. నేర్పిందంతా కరెంటు డ్రయ్యర్ మీదే, మాకున్నది మిద్దె, దోమతెర. ఇంటికొచ్చి కాకర ఒరుగులు ఎండలోంచి తీసి వేడివేడిగా కవర్లో కట్టేశాను, లోపల చెమట పట్టి వారంలో బూజు, రెండు కిలోలు పెంటకుప్పలోకి. చల్లార్చి కట్టమని చెప్పారు, ఆ తప్పు నాదే. కానీ ఎండిందో లేదో ఇంట్లో ఎట్టా తెలుసుకోవాలో చెప్పలేదు. ఫోన్ చేస్తే మేడమే "విరిస్తే టక్‌మనాలి, వంగితే ఇంకో ఎండ" అంది. ఈ ముక్క క్లాసులోనే చెప్పుంటే సరిపోయేది కదా!

అమ్మకం సంగతికి చివరిరోజు ఒక్క గంట. చిన్న ఆహార తయారీ యూనిట్లకిచ్చే కేంద్రం పథకం పీఎంఎఫ్ఎంఈ కింద 35 శాతం సబ్సిడీ, పది లక్షలు మించకుండా, అని గబగబా చదివేశారు, దానికి బ్యాంకు లోన్ ఉండాలని మేం గుచ్చి అడిగితే గానీ చెప్పలేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకుల లైసెన్సు) 14 అంకెల నంబరు, ఆకుపచ్చ చుక్క, తేదీ, బరువు ఉన్న లేబుల్ తెరమీద చూపించి వదిలేశారు.

ఇప్పుడు వంకాయ ఒరుగులు వంద గ్రాముల ప్యాకెట్లు కట్టి దర్శిలో కిరాణా కొట్టుకు తీసుకెళితే, ఆయన ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి "లేబుల్ ఏదమ్మా?" అన్నాడు. మీరు వెళితే ఆ లేబుల్ తెరమీద ఉన్నప్పుడే ఫోటో తీసుకోండి, నేను తీసుకోలేదు.