రోజూ మాట్లాడేవారా, కాగితం చూపేవారా: సిక్కోలు పాఠకుడికి ఎవరు మేలు?

గ్రూప్స్‌కి చదువుతున్న పిల్లలు, రిటైరైన మాస్టార్లు, పంచాయతీ వార్డు మెంబర్లు... మా శ్రీకాకుళంలో రాజకీయాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరు కలిసినా అడిగే మాట ఒకటే: “ఎవరి మాట వినమంటారు?” పేపరు పేరు చెబితే తృప్తిపడరు. ఏ పేపరు ఏ పార్టీ వైపు మొగ్గుతుందో ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతున్న ఎవరిని అడిగినా చెప్తారు. వాళ్లకు కావలసింది మనుషుల పేర్లు. ఎవరిని నమ్మొచ్చు, ఎందుకు నమ్మొచ్చు, ఎంతవరకు నమ్మొచ్చు అన్నది తెలియాలి.

నాకు ఒక కొలత ఉంది. ఒకరిని విన్నాక, చదివాక, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌కి వెళ్లి సూటిగా ఒక ప్రశ్న అడగగలగాలి. అది కుదిరితే ఆ గంట నాకు దక్కింది. ఒక పార్టీ మీద కోపమో, ఇంకో పార్టీ మీద అభిమానమో పెరిగి ఊరుకుంటే ఆ గంట పోయింది. ఈ కొలతతోనే కింద అందరినీ చూశాను. నా తీర్పుతో మీకు పేచీ ఉండొచ్చు, ఉండాలి కూడా.

ముందు రోజూ మాట్లాడేవాళ్లు. ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ ఉస్మానియాలో జర్నలిజం చెప్పినవారు, పట్టభద్రుల ఎమ్మెల్సీగా శాసనమండలిలో కూర్చున్నవారు. యూట్యూబ్‌లో ఆయన గొంతు వినబడని రోజు దాదాపు ఉండదు. చిక్కుగా ఉన్న విషయాన్ని విడదీసి చెప్పడం ఆయన బలం. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం అన్నది కదా, మరి సెస్సులూ సర్‌చార్జీలూ ఆ లెక్కలోకి ఎందుకు రావు? ఇలాంటిది పుస్తకంలో చదివితే అరగంట పడుతుంది. ఆయన చెప్పే తీరులో డిగ్రీ పిల్లలకు కూడా ఒక్కసారికే ఎక్కుతుంది. పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లకు ఆయన్ని మించినవారు తెలుగులో నాకు కనబడలేదు.

ప్రజాశక్తి సంపాదకుడిగా పనిచేసిన తెలకపల్లి రవిది మరో పద్ధతి. వామపక్షం నుంచి వచ్చిన మనిషి, ఆ సంగతి దాచరు. దాచకపోవడం నాకు నచ్చుతుంది. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో తెలిస్తే, ఎంత తగ్గించి తీసుకోవాలో వినేవాడికి తెలుస్తుంది. ఇవాళ్టి పొత్తుకి ముప్ఫై ఏళ్ల కిందటి పొత్తుతో ఉన్న చుట్టరికం చెప్పాలంటే ఆయన దగ్గరున్నంత జ్ఞాపకం కొద్దిమంది దగ్గరే ఉంది.

జయప్రకాశ్ నారాయణ్ ఐఏఎస్ వదిలి లోక్‌సత్తా పెట్టారు, 2009లో కూకట్‌పల్లి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. అధికారం, డబ్బు కింది స్థాయికి రావాలని దశాబ్దాలుగా ఒకే మాట మీద ఉన్నారు. వార్డు మెంబర్లు ముందుగా వినాల్సింది ఈయననే.

ముగ్గురూ మేలే. ముగ్గురి దగ్గరా నాకు ఒకటే కొరత: మా ఊళ్లు. హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరాంధ్ర ఎన్నికలప్పుడు కనబడుతుంది, కంటకాపల్లి రైలు ప్రమాదంలాంటిది జరిగితే కనబడుతుంది. మిగతా రోజుల్లో రాష్ట్ర రాజకీయం అంటే ఇద్దరు నాయకులు, మూడు పార్టీలు.

అందుకని ఎవరినైనా కొత్తగా వినేటప్పుడు నేను రెండు పరీక్షలు పెడతాను. ఒకటి భోగాపురం విమానాశ్రయం. విజయనగరం జిల్లాలో దానికి 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు శంకుస్థాపన చేశారు, 2023 మే 3న జగన్మోహన్‌రెడ్డి మళ్లీ చేశారు. ఒక్క తేదీ మాత్రమే చెప్పేవాడు ఎంత బాగా మాట్లాడినా, ఆయన చెప్పేది సగం కథ. రెండు తేదీలూ చెప్పి, భూములిచ్చిన ఊళ్ల సంగతి కూడా ఎత్తేవాడు దొరికితే ఆయన్ని వదలకండి.

రెండోది వంశధార. ఆ నది మీద కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ ఒడిశా వల్ల ఆగిపోయిందని అందరూ అంటారు. వంశధార ట్రిబ్యునల్ 2010లో ఏర్పడిందనీ, 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చిందనీ, బ్యారేజీ కట్టుకోవచ్చని చెప్పి అందుకు ఒడిశా వైపు 106 ఎకరాలు ఇవ్వాలందనీ, ఆ తర్వాత కూడా గొడవ సుప్రీంకోర్టుదాకా నడిచిందనీ ఎంతమంది చెప్తారు? నీళ్లు చెరిసగం, ఒక్కో రాష్ట్రానికి 57.5 టీఎంసీలు. హిరమండలం రైతుకు ఈ ఒక్క అంకె తెలిస్తే, ఎన్నికల సభలో ఏ నాయకుడు ఏం చెప్పినా దాని పక్కన పెట్టి చూసుకోగలడు.

ఈ పరీక్షలు మనల్ని మాటల మనుషుల దగ్గర్నుంచి కాగితాల మనుషుల దగ్గరకు తీసుకెళ్తాయి. ఢిల్లీలో 2005 నుంచి పనిచేస్తున్న పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్లు అభిప్రాయం చెప్పరు. ఒక బిల్లు వస్తే అందులో ఏముంది, పాత చట్టానికీ దీనికీ తేడా ఏంటి, ఏ ప్రశ్నలు మిగిలిపోయాయి, ఇంతే రాస్తారు. ఎంపీల హాజరు, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు కూడా పెడతారు. ఇక్కడ మన రెండు జిల్లాలవాళ్లు ఒక సంగతి గమనించాలి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, ప్రశ్నలు అడగరు, జవాబులు చెప్తారు. కాబట్టి 2024 జూన్‌లో కేంద్ర పౌర విమానయాన మంత్రి అయిన రామ్మోహన్‌నాయుడి హాజరు శాతం కోసం శ్రీకాకుళంవాళ్లు ఇప్పుడు వెతికి లాభం లేదు. విజయనగరంవాళ్లకు కలిశెట్టి అప్పలనాయుడి లెక్క దొరుకుతుంది. ఇంతకుముందు ఇది తిరగబడి ఉండేది. 2014 నుంచి 2018 దాకా అదే శాఖకు మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, అప్పుడు లెక్క చూసుకోగలిగింది శ్రీకాకుళంవాళ్లు. ఈ తేడా తెలియక “మా ఎంపీ సున్నా, మీ ఎంపీ వంద” అని ఫోన్లలో పంపుకునేవాళ్లున్నారు. అది అన్యాయం.

ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్) వాళ్లది ఇంకో పని. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు మొదలుపెట్టిన సంస్థ. అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియాలని కోర్టుకెక్కింది. 2002లో, మళ్లీ 2003లో సుప్రీంకోర్టు ఆ హక్కును ఖాయం చేసింది. ఇవాళ అభ్యర్థులు వేసే అఫిడవిట్లన్నీ వాళ్లు మైనేతా అనే తమ వెబ్‌సైట్‌లో పేరు పేరునా పెడతారు. దాన్ని చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. కేసు ఉన్నంత మాత్రాన నేరం చేసినట్టు కాదు. మన దగ్గర ఉద్యమాల్లో తిరిగిన ఎంతోమంది మీద కేసులున్నాయి. ఏ సెక్షన్ కింద పెట్టారో చూడాలి. ఆస్తుల విషయంలో ఒక ఏడాది అంకె కన్నా, ఒకే మనిషి రెండు మూడు ఎన్నికల్లో వేసిన అఫిడవిట్లు పక్కపక్కన పెట్టి చూడటం మేలు.

పీఆర్‌ఎస్, ఏడీఆర్‌లలో ఏది ముందు? ఎన్నికల నెలలో ఏడీఆర్, మిగతా అయిదేళ్లూ పీఆర్‌ఎస్. ఇందులో నాకు సందేహం లేదు.

నా అసలు సిఫారసు మాత్రం ఒక మనిషి: ఇ.ఎ.ఎస్. శర్మ. 1965 బ్యాచ్ ఐఏఎస్, కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా, ఆర్థిక వ్యవహారాల కార్యదర్శిగా చేశారు. ఉద్యోగం వదిలాక విశాఖలో ఉంటూ ఉత్తరాలు రాస్తారు. ముఖ్యమంత్రికి, కేంద్ర మంత్రులకు, ఎన్నికల సంఘానికి, పర్యావరణ శాఖకు. ఆ ఉత్తరాలే ఆయన రాజకీయ రచన. వాటిని జనం చదవడానికి బయటపెడతారు. పార్టీ పేరు చూసి కలం ఆగదు. ఏ ప్రభుత్వం ఉన్నా ఉత్తరం వెళ్తుంది.

సోంపేట సంగతి ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తాను. 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రానికి బీల అనే చిత్తడి భూములు ఇచ్చారు. ప్రాజెక్టు కాగితాల్లో అది పనికిరాని నేల. బీల చుట్టూ ఉన్న ఊళ్లకు మాత్రం అందులోనే చేప, అందులోనే తడి, పశువుకు మేత. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఊళ్లో జనం రోడ్డు మీద నిలబడి చేసిన పోరాటం ఒకటి, అది చిత్తడి నేల అని కాగితం మీద నిరూపించే పోరాటం ఇంకొకటి. ఆ రెండో దానిలో ఢిల్లీకి ఉత్తరాలు రాసినవారిలో శర్మ ఒకరు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర అనే మరో చిత్తడి నేల దగ్గరా కాల్పులు జరిగాయి. ఆ రోజుల్లో టీవీలో వినబడిన మాటలకు ఇవాళ విలువ లేదు. ఆ ఉత్తరాలు తీసి ఇవాళ చదివినా అర్థమవుతుంది, అక్కరకొస్తుంది.

ఇంకొక ఉదాహరణ. ఏడీఆర్‌తో కలిసి శర్మ ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసులో 2014 మార్చి 28న తీర్పు వచ్చింది. విదేశీ కంపెనీకి చెందిన సంస్థల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని కోర్టు చెప్పింది. తర్వాత ఏమైంది? 2016 ఆర్థిక బిల్లుతో చట్టంలో ‘విదేశీ మూలం’ అన్నదాని నిర్వచనాన్ని 2010 నుంచి వర్తించేలా మార్చారు. అది చాలలేదు. 2018లో 1976 దాకా వెనక్కి జరిపారు. పార్లమెంటులో బద్ధశత్రువుల్లా కనబడే రెండు పార్టీలకూ ఒకే సవరణ అక్కరకొచ్చింది. రోజువారీ చర్చల్లో ఈ కథ వినడం చాలా అరుదు, ఎందుకంటే ఇందులో తిట్టడానికి ఒక పక్షం దొరకదు.

శర్మ దగ్గర ఇబ్బందులూ ఉన్నాయి. రాసేది ఎక్కువగా ఇంగ్లీషులో. భాష పొడిగా, ఆఫీసు ఉత్తరంలా ఉంటుంది, నిజంగానే అది ఆఫీసు ఉత్తరం కాబట్టి. నాగేశ్వర్‌ని బస్సులో వింటూ వెళ్లొచ్చు. శర్మని కూర్చుని, కలం పట్టుకుని చదవాలి. అయినా నా కొలత ప్రకారం ఆయనే ముందు. ప్రతి ఉత్తరంలో ఏ చట్టం, ఏ సెక్షన్, ఎవరు బాధ్యుడు, ఏం చేయాలి అన్నది ఉంటుంది. అవి కొన్ని చదివితే, మీ ఊరి చెరువు ఆక్రమణ మీద మీరే అలాంటి ఉత్తరం రాయగలరు.

తెలుగులోనే లోతుగా చదవాలనుకునేవాళ్లకు బాలగోపాల్ ఉన్నారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, పౌరహక్కుల సంఘంలో పనిచేసి, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందున్న మనిషి. సోంపేట చూడకుండానే 2009 అక్టోబరులో పోయారు. ఆయన వ్యాసాలు ఒకచోట భద్రంగా ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు గిరిజన భూముల గొడవ అర్థం కావాలంటే, గిరిజన భూముల బదిలీని అడ్డుకునే 1/70 చట్టం ఏం చెప్పింది, గిరిజన ప్రాంతాల్లో గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 సమతా తీర్పు ఏం మార్చింది అన్నవి తెలియాలి. చట్టం గురించి ఇంత శుభ్రమైన తెలుగులో రాసినవాళ్లు అరుదు. కాకపోతే అవి పాత వ్యాసాలు. ఇవాళ్టి జీవో ఆయన దగ్గర దొరకదు.

ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురంలో పుట్టిన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి మనవడు, పాత్రికేయుడు పి. సాయినాథ్. ఆయన 2014 డిసెంబరులో మొదలుపెట్టిన ‘పరి’ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైట్‌లోని గ్రామీణ కథనాలు తెలుగులో కూడా వస్తాయి. రాజకీయ విశ్లేషణ అని వాటిని ఎవరూ అనరు. నాకు మాత్రం వలసల మీద వచ్చే ఒక మంచి కథనం పది చర్చలకన్నా ఎక్కువ రాజకీయం చెప్తుంది. మత్స్యలేశంలోనో కవిటిలోనో ఇంటికొకరు ఎందుకు బయట రాష్ట్రంలో ఉన్నారో అడగని రాజకీయం మనకెందుకు?

ఇంత చెప్పినా “ఒక్క పేరు చెప్పండి” అంటారు. పరీక్షలకు చదివేవాళ్లకు నాగేశ్వర్, పక్కన పీఆర్‌ఎస్. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు తెలకపల్లి రవి, ఆ తర్వాత బాలగోపాల్. ఊళ్లో ఏదో ఒకటి కదిలించాలనుకునే వార్డు మెంబరుకు, యువజన సంఘం పిల్లలకు శర్మ. ఒక్కరే అంటే ఆ చివరి పేరే.

ఇంగ్లీషు కష్టమైతే కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో ఉత్తరం తెలుగులో చెప్పించుకోండి, వాళ్లకూ పనికొస్తుంది. జీవో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: మన రాష్ట్రంలో 2021 ఆగస్టు నుంచి 2024 ఆగస్టు దాకా జీవోలను పాత పద్ధతిలో వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు. ఆ మూడేళ్ల కాగితం కావాలంటే చాలాసార్లు సమాచార హక్కు దరఖాస్తే దారి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. జవాబుకు గడువు 30 రోజులు.