డిఫర్ అయ్యాక ఏది మేలు: జనవరిలో ఈడీ టూ వేయడమా, మార్చి దాకా ఆగడమా?

డిసెంబరు మధ్యలో కాలేజీ అడ్మిషన్ పోర్టల్ తెరిచి చూస్తే సీటు ఇచ్చామనీ లేదు, ఇవ్వమనీ లేదు, డిఫర్ అని ఉంది. అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న మన ఇళ్లలో ఆ రాత్రి నుంచే ఇంకో చర్చ మొదలవుతుంది: వేరే కాలేజీకి ఈడీ టూ (ఎర్లీ డెసిషన్ రెండో విడత, సీటిస్తే చేరి తీరాలి) వేసేద్దామా, రెగ్యులర్ ఫలితాలొచ్చే మార్చి దాకా ఆగుదామా? తేల్చుకోవడానికి రెండు మూడు వారాలే ఉంటాయి, అవీ క్రిస్మస్ సెలవుల్లో, ఇంటిల్లిపాదీ దిగులుగా ఉన్న రోజుల్లో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనవాళ్లలో ఎక్కువమందికి ఆగడమే మేలు. ఈడీ టూ నిజంగా మేలయ్యే పిల్లలూ ఉన్నారు, వాళ్లెవరో కూడా రాస్తాను.

డిఫర్ అంటే అప్లికేషన్‌ని పక్కన పడేయలేదు, రెగ్యులర్ రౌండ్‌లో వచ్చినవాటితో కలిపి మళ్లీ చదువుతారు, మార్చి చివరికల్లా జవాబు చెప్తారు. అది ఎర్లీ డెసిషన్ (సీటిస్తే చేరతామని సంతకం పెట్టి ముందుగా వేసేది) అయితే, డిఫర్ చేసిన రోజునే మీరు సంతకం పెట్టిన కట్టుబాటు తెగిపోయినట్టే, మార్చిలో సీటిచ్చినా చేరి తీరాలన్న నియమం లేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అలాగే డిఫర్ అన్న మాటకి అన్ని కాలేజీల్లో ఒకే బరువు లేదు. ఎంఐటీ 2023 డిసెంబరులో ఎర్లీ యాక్షన్‌కి (ముందుగా వేసేదే, కట్టుబాటు మాత్రం ఉండదు) వచ్చిన 12,563 మందిలో 661 మందికి సీటిచ్చి, ఎనిమిది వేల మందికి పైగా పిల్లల్ని డిఫర్ చేసింది, కాబట్టి అక్కడ డిఫర్ అయితే ఆశగా అయినా నిరాశగా అయినా పెద్దగా అర్థం చేసుకునేదేమీ లేదు. స్టాన్‌ఫర్డ్ డిఫర్ చేసేదే చాలా తక్కువమందిని, అక్కడ ఆ మాట వస్తే కాస్త విలువుంది. మనం ఎంసెట్ ర్యాంకులతో పెరిగినవాళ్లం, కటాఫ్‌కి ఎన్ని మార్కులు తగ్గాయో లెక్క కట్టాలని చూస్తాం. ఇక్కడ అలాంటి లెక్క లేదు, పిల్లల్ని కూర్చోబెట్టి "ఎక్కడ తగ్గింది" అని అడగడం వాళ్లని ఇంకా కుంగదీయడమే.

ఇక ఈడీ టూ. వాండర్‌బిల్ట్, ఎమొరీ, జాన్స్ హాప్కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, టఫ్ట్స్, ఎన్‌వైయూ లాంటివి దీన్ని పెట్టాయి. గడువు జనవరి మొదటి సగంలో, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. సీటొస్తే మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి, డిసెంబరులో డిఫర్ చేసిన ఆ కలల కాలేజీతో సహా. ఇండియాలో ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల జోసా కౌన్సెలింగ్ చూసినవాళ్లకి తెలుసు, చేతిలో సీటు పెట్టుకుని ఫ్లోట్ అని నొక్కి ఇంకా మంచిదాని కోసం చూడొచ్చు. ఈడీ టూలో ఫ్లోట్ లేదు, వచ్చిన సీటుకే ఖాయమయ్యే ఫ్రీజ్ ఒక్కటే.

దానికి బదులు ఏమొస్తుంది? అవకాశం కొంత పెరుగుతుంది, అది నిజమే, ఇస్తే తప్పక చేరతారని తెలిసిన పిల్లల్ని తీసుకోవడం కాలేజీలకి సుఖం. కానీ గ్రూపుల్లో తిరిగే ఎర్లీ డెసిషన్ శాతాలు చూసి లెక్కలు వేయకండి. కాలేజీలు కామన్ డేటా సెట్ అనే అడ్మిషన్ల పట్టికలో ఇచ్చే అంకెల్లో ఈడీ వన్ (మొదటి విడత), ఈడీ టూ కలిపే ఉంటాయి, అందులో ఆటల కోటాలో ముందే మాట అయిపోయిన పిల్లలూ ఉంటారు. మీ అమ్మాయికో అబ్బాయికో ఈడీ టూలో ఎంత అవకాశముందో ఆ శాతం చెప్పదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్‌డియాగో లాంటి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకి ఎర్లీ అనేదే లేదు, ఫలితాలు ఎక్కువగా మార్చిలో వస్తాయి. ఫిబ్రవరిలో ఈడీ టూ సీటొచ్చిందంటే ఆ ఫలితాలు చూడకుండానే అవన్నీ వదులుకోవాలి. సొంత రాష్ట్రపు ఫీజుతో బర్క్‌లీ వచ్చే అవకాశమున్న పిల్లకి అది చిన్న నష్టం కాదు.

అసలు సంగతి డబ్బు. ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి ఇప్పుడు ఏడాది ఖర్చు 90 వేల డాలర్లు దాటింది. ఇద్దరూ ఐటీలో పనిచేసే ఇంటికి అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయం దాదాపు రాదు, నాలుగేళ్లకి లెక్క వేస్తే ఒక ఇల్లు. మార్చి దాకా ఆగితే స్టేట్ యూనివర్సిటీ ఆనర్స్ ప్రోగ్రామ్, ఎక్కడో మెరిట్ స్కాలర్‌షిప్, మూడో చోట పూర్తి ఫీజు, అన్నీ ఒకే బల్ల మీద పెట్టి చూసుకోవచ్చు. ఈడీ టూలో ఆ బల్లే ఉండదు. ఇచ్చిన సహాయం చాలకపోతే విడిచిపెట్టమని అడగొచ్చు, అంతేగానీ "మేం మళ్లీ ఆలోచించుకున్నాం" అంటే కుదరదు. ఫారం మీద పిల్లవాడు, మీరు, స్కూల్ కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి, మాట తప్పితే ఆ స్కూలుకే చెడ్డపేరు.

హెచ్ 4 (తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. నాలుగేళ్ల వయసులో వచ్చి ఇక్కడే చదువుకున్నా, గ్రీన్ కార్డు క్యూ కదలదు కాబట్టి ఫెడరల్ సహాయం రాదు, చాలా ప్రైవేటు కాలేజీలు సహాయం విషయంలో వాళ్లని విదేశీ విద్యార్థుల కిందే చూస్తాయి. ఇరవై ఒకటి నిండితే హెచ్ 4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్ 1కి మారాలి, అప్పుడు కొన్ని చోట్ల ఫీజు లెక్క కూడా మారొచ్చు. టెక్సస్‌లో హెచ్ 4 పిల్లలు సొంత రాష్ట్రపు ఫీజుకి అర్హులు కావచ్చు, రాష్ట్రాన్ని బట్టి నియమం వేరు. ఇన్ని ముడులున్న ఇంట్లో ధరలు పక్కపక్కన చూసుకోకుండా ఒకే కాలేజీకి కట్టుబడటం నాకు మింగుడుపడదు.

మరి ఈడీ టూ ఎవరికి మేలు? న్యూజెర్సీలో మా అక్క కూతురికి మేలయింది. అక్టోబరులోనే తను రెండు కాలేజీల మధ్య ఊగిసలాడింది, రెండూ వేసవిలో వెళ్లి చూసింది, ఖర్చు గురించి అక్కా బావా ముందే కూర్చుని తేల్చుకున్నారు. ఒకచోట డిఫర్ అయ్యాక రెండోదానికి ఈడీ టూ వేసింది, ఫిబ్రవరిలో వచ్చింది, సంతోషంగా చదువుకుంటోంది. మీ పిల్ల కూడా డిఫర్ కాకముందే ఆ కాలేజీని అంతగా కోరుకుని ఉంటే, నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో (మీ ఇంటికి ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పే లెక్క) వచ్చిన మొత్తం మీరు అప్పుల్లో పడకుండా కట్టగలిగేదైతే, వేయండి. డిఫర్ అయిన మర్నాడు ర్యాంకింగ్ లిస్టు తెరిచి ఎంచుకున్న కాలేజీకి మాత్రం వద్దు. ఆ టెన్షన్ తట్టుకోలేక ఏదో ఒకటి తేలిపోతే చాలనుకుని వేసే ఈడీ టూలే నేను ఎక్కువ చూశాను. పాపం, పిల్లలు అడిగేది కాలేజీ కాదు, ఆ ఎదురుచూపు నుంచి విడుదల.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. రెగ్యులర్ అప్లికేషన్లు గడువులోగా పూర్తి చేయాలి, డిఫర్ చేసిన కాలేజీకి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు కౌన్సిలర్ ద్వారా వెళ్లాయో లేదో చూసుకోవాలి. ఇంకా అక్కడే చేరాలనుందని ఒక్క పేజీ ఉత్తరం రాయొచ్చు, అయితే ముందు పోర్టల్‌లో ఏం రాశారో చదవండి, కొన్ని కాలేజీలు అలాంటివి వద్దంటాయి, ఎంఐటీకి ఫిబ్రవరిలో నింపే ఫారం విడిగా ఉంది. ఉత్తరంలో నవంబరు తర్వాత జరిగిన కొత్త సంగతులే ఉండాలి, పాత ఎస్సే మళ్లీ చెప్పకూడదు. అది పిల్లలే రాయాలి. తల్లిదండ్రులు అడ్మిషన్ ఆఫీసుకి ఫోన్ చేయడం, తెలిసిన ప్రొఫెసర్ చేత సిఫార్సు పంపించడం అస్సలు వద్దు. ఈ మూడు నెలలు చుట్టాలు, స్నేహితులు "ఏమైంది, ఎక్కడొచ్చింది" అని అడుగుతూనే ఉంటారు, ఆ జవాబులు మీరే చెప్పండి, పిల్లల దాకా రానివ్వకండి.

అన్నీ చూసుకుని ఈడీ టూకే మొగ్గితే, స్కూలు సెలవులకి మూసేలోపే కౌన్సిలర్‌తో మాట్లాడండి. ఆ సంతకం జనవరిలో స్కూలు తెరిచాక అడిగితే కొన్ని గడువులు అప్పటికే దాటిపోయి ఉంటాయి.